ఎడమవైపు తలుపు

కార్ల విషయంలో నా జ్ఞానం రంగు దాటి పోదు. ఎవరైనా కారు కొన్నామంటే "ఏ రంగు?" అని అడుగుతాను. మావారు తల పట్టుకుంటారు. చీర కొన్నానంటే ఆయన "ఎంత?" అని మాత్రం అడిగి వూరుకోవడం లేదూ, ఇదీ అంతే! అటువంటి నేను క్రిందటి ఆగస్టులో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం పొద్దున్నే పాతకార్ల ప్రదర్శనలో మూడు గంటలు నిలబడ్డాను. అందులో రెండు గంటలు ఒకే కారు దగ్గర. మా ఇంట్లో ఈ మాట ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

నన్ను లాక్కుపోయినవాడు మా చెల్లెలి కొడుకు. వాడికి పన్నెండేళ్ళు. "పెద్దమ్మా, నీకు హిస్టరీ ఇష్టం కదా, రా" అన్నాడు. హిస్టరీ అంటే ఏ కోటో, బురుజో అనుకుని బయల్దేరాను. తీరా చూస్తే వాడి లెక్కలో హిస్టరీ అంటే 1957 షెవర్లే. అందులో వాడి తప్పేం లేదు. కోనసీమలో పుట్టినవాళ్ళకి అరటిపళ్ళ పేర్లు ఎవరూ నేర్పకుండానే వస్తాయి చూశారూ, డెట్రాయిట్ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి కార్ల పేర్లు అలా వచ్చేస్తాయి.

ప్రదర్శనంటే పెద్ద హంగామా ఏం కాదు. ఆ వూరి పార్కులో పచ్చగడ్డి మీద ఓ ఎనభై కార్లు వరసలుగా నిలబెట్టారు. అన్నీ బానెట్లు పైకెత్తి, పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు నోళ్ళు తెరుచుకుని వున్నాయి. ఒక్కోదాని వెనక మడతకుర్చీలో యజమాని, పక్కన ఐసుపెట్టె. చాలామంది డెబ్భై దాటినవాళ్ళే. చేతిలో మెత్తటి గుడ్డ. ఎవరైనా వేలు తగిలించి వెళ్ళారంటే లేచి ఆ మరక తుడిచి మళ్ళీ కూర్చుంటారు. ఒంగోలు గిత్తల పోటీలు చూసినవాళ్ళకి ఈ వాతావరణం కొత్తగా వుండదు. అక్కడ పళ్ళు పట్టి చూస్తారు, ఇక్కడ ఇంజనులోకి తొంగిచూస్తారు. పక్కన నిలబడ్డ ఆసామీ మొహంలో గర్వం మాత్రం ఒకటే.

మొదట 1959 నాటి క్యాడిలాక్ ఒకటి ఎదురైంది. పొడవు పద్ధెనిమిది అడుగుల తొమ్మిది అంగుళాలు. హైదరాబాదులో మా హాలు పదహారడుగులే. వెనక రెండువైపులా నిటారుగా లేచిన రెక్కలు. అవి దేనికిరా అంటే, దేనికీ కాదట! యుద్ధవిమానం తోకని చూసి ముచ్చటపడ్డ జనరల్ మోటార్స్ డిజైనర్లు 1948 క్యాడిలాక్‌కి చిన్న మొగ్గల్లాంటివి తొడిగారు. అవి ఏటికేడాది ఎదిగి ఎదిగి పదకొండేళ్ళకి ఇంతయ్యాయి. మన జాకెట్ చేతుల బుట్టల్లాగే, ఎంత పెరగాలో అంతా పెరిగి, తర్వాత తగ్గిపోయాయి.

దాన్ని దాటి నాలుగడుగులు వేశానో లేదో ఎర్రకారు కనిపించింది.

ఎరుపంటే కుంకుమ ఎరుపు కాదు. నారింజ ఛాయ కలిసిన ఎరుపు. ఫోర్డు వాళ్ళు దానికి పెట్టుకున్న పేరు పాపీ రెడ్, అంటే గసగసాల పువ్వు ఎరుపు. లోపల సీట్లు మల్లెపూవు తెలుపు. ముందు జాలీ మధ్యన పరుగెత్తుతున్న వెండి గుర్రం. వెనక దీపాలు ఒక్కోవైపు మూడేసి నిలువుగీతలు. సన్నటి పెద్ద స్టీరింగు. క్యాడిలాక్ లాగ నన్ను చూడు, నా సంపద చూడు అని అరవదు. పొందికగా వుంది. పైకప్పు మాత్రం లేదు! మడిచి వెనకసీటు వెనక్కి పెట్టేశారు. ఆకాశమంతా సీట్లలో కూర్చుని వున్నట్టుంది.

కార్డు మీద 'ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్, 1965' అని రాసివుంది. మస్టాంగ్ అంటే అమెరికా పడమటి మైదానాల్లో తిరిగే అడవిగుర్రం. కన్వర్టిబుల్ అంటే కావాలంటే టాపు వేసుకుని, అక్కర్లేదంటే మడిచేసుకునే కారు.

తమాషా ఏమిటంటే, కార్లు పుట్టినప్పుడు అన్నీ టాపు లేనివే. గుర్రబ్బండి లోంచి గుర్రాన్ని విప్పేసి ఇంజను పెట్టారు, అంతే. వానొస్తే గుడ్డ కప్పుకునేవాళ్ళు, ధూళి పడకుండా ఆడవాళ్ళు టోపీల మీంచి ముసుగులు కట్టుకునేవాళ్ళు. నాలుగువైపులా మూసిన కారు చేయించుకోవడం డబ్బున్నవాళ్ళ వైభోగం. 1922 మోడల్‌గా హడ్సన్ కంపెనీ వాళ్ళు ఎసెక్స్ అనే మూసిన కారుని 1495 డాలర్లకి అమ్మకానికి పెట్టారు. 1925కి దాని ధర వాళ్ళ టాపులేని కారు ధరకంటే కిందికి దిగింది. ఆ దశకం ముగిసేసరికి అమెరికాలో అమ్ముడయ్యేవన్నీ దాదాపు మూసిన కార్లే. ఇంకేముందీ, అందరి నెత్తి మీదా కప్పు వచ్చాక, కప్పు లేకపోవడమే వైభోగమైపోయింది! మా అమ్మమ్మగారి వూళ్ళో రాగిసంకటి గతిలేక తినేవారు. ఇప్పుడు పెద్ద హోటళ్ళలో వెండిగిన్నెలో పెట్టి ఇస్తున్నారు కదా, అలా.

కప్పు తీసెయ్యడం అంత తేలికేం కాదని మావాడు పాఠం చెప్పాడు. పక్కన పాప్‌కార్న్ డబ్బా ఒకటి తీసుకుని "మూత వుండగా మెలితిప్పు పెద్దమ్మా" అన్నాడు. తిరగలేదు. మూత తీసి తిప్పమన్నాడు. వంకర తిరిగిపోయింది. కారు కూడా అంతేనట. కప్పు తీసేస్తే గుంతలో పడ్డప్పుడల్లా మెలిపడుతుంది కనక, కిందనా, తలుపుల గడపల్లోనా అదనంగా ఇనుము వేసి గట్టిచేస్తారు. అందుకే కప్పు లేని కారు కప్పున్న కారుకంటే బరువు. లేనిదానికి బరువెక్కువ! ఈ మాట ఏ నవల్లోనైనా వాడుకోవచ్చునని మనసులో రాసుకున్నాను.

ఈ కారు పుట్టుక 1964 ఏప్రిల్ 17న, న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో. దీని వెనకున్న మనిషి లీ అయకోకా. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబంలో కుర్రాడు, అప్పటికి ఇంకా నలభై నిండలేదు. అప్పటికే ఇంటింటా తిరుగుతున్న ఫోర్డు ఫాల్కన్ అనే సాదా కారుంది. దాని కింద సామాను తీసుకుని, పైన అందమైన ఒళ్ళు తొడిగి, 2368 డాలర్లకి అమ్మాడు. పాతచీరకి కొత్త అంచు వేసి కట్టే నేర్పున్న ఏ ఇల్లాలికైనా ఆయన తెలివి వెంటనే అర్థమవుతుంది. టాపు మడిచే రకానికి ఇంకో రెండు వందల యాభై దాకా ఎక్కువ. విడుదలకి ముందురోజు రాత్రి మూడు టీవీ ఛానళ్ళలోనూ ఒకేసారి ప్రకటన వేయించాడు. మొదటిరోజే ఇరవై రెండువేల ఆర్డర్లు వచ్చాయంటారు. 1966 మార్చికల్లా పదిలక్షలు.

నంబరు ఒకటి మస్టాంగుని నేను ముందురోజే చూశాను. డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డు మ్యూజియంలో వుంది. అదీ కన్వర్టిబులే, తెల్లది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్‌లో డీలరుకి చూపించడానికి మాత్రమే పంపితే, ఆయన విడుదలకి మూడురోజుల ముందే ఒక విమానం పైలెట్‌కి అమ్మేశాడు. తర్వాత కంపెనీవాళ్ళు నాలిక్కరుచుకుని, రెండేళ్ళు బతిమాలి, పదిలక్షలో కారుని బదులిచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇక అమెరికాలో మొట్టమొదట కొన్నదెవరయ్యా అంటే, షికాగోలో ఇరవై రెండేళ్ళ బడిపంతులమ్మ. షోరూములో ఆమెకి నచ్చింది కనిపించకపోతే, అమ్మేవాడు వెనకగదిలోకి తీసుకెళ్ళి గుడ్డ కప్పివున్న నీలం కన్వర్టిబుల్ చూపించాడు. ఆమె ఆ రోజే నడుపుకుంటూ ఇంటికెళ్ళింది. డబ్బు తల్లిదండ్రులు అప్పిచ్చారట.

ఆ చివరి మాట నాకు మ్యూజియం నుంచి వచ్చాక కూడా గుచ్చుకుంటూనే వుంది. ఎందుకో ఎర్రకారు దగ్గర తెలిసింది.

ఎర్రకారు వెనక రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో పెద్దాయన, ఒకదాంట్లో పెద్దావిడ. ఇద్దరికీ ఎనభై దాటివుంటాయి. వచ్చిన ప్రతి మగవాడూ ఆయన దగ్గరికే వెళ్ళి "ఇంజను ఏమిటి? ఒరిజినలేనా? గ్యాలనుకెంత ఇస్తుంది?" అని అడుగుతున్నాడు. ఆయన ప్రతివాడికీ బొటనవేలు ఆవిడ వైపు చూపించి "ఓనర్ ఆవిడ, నేను కడగడానికి పెట్టుకున్న మనిషిని" అంటున్నాడు. వాళ్ళు నవ్వేసి, మళ్ళీ ఆయన్నే అడుగుతున్నారు! పావుగంటలో అయిదుగురు. నేను లెక్కపెట్టాను. నాకు ఇంజను సంగతి తెలియదు కనక ఆవిడ దగ్గరికెళ్ళి నాకు తెలిసిన ఒకే ప్రశ్న అడిగాను. "ఈ రంగు మీరే ఎంచుకున్నారా?" అని.

ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుంది.

రంగు ఎంచుకునే అవకాశం లేదట. 1966లో ఆవిడ నర్సు. ఎవరో ఏడాది వాడి అమ్ముతున్నారని తెలిసింది. కొంత కూడబెట్టుకుంది, మిగతాదానికి అప్పు అడిగింది. ఉద్యోగం వుంది, జీతం కాగితం వుంది. అయినా భర్తో తండ్రో సంతకం పెట్టాలన్నారు. పెళ్ళికాలేదు, తండ్రి పోయాడు. ఎవరో ఒక మగమనిషి కావాలి. చివరికి తమ్ముణ్ణి తీసుకెళ్ళింది. వాడు అప్పుడే ఫ్యాక్టరీలో చేరాడు, జీతం అక్క జీతంకంటే తక్కువ. వాడి సంతకంతో అప్పు మంజూరైంది. "సంతకం పెట్టినందుకు వాడికి ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను" అంది ఆవిడ. "వాయిదాలన్నీ నేనే కట్టాను."

అది ఆవిడ ఒక్కదాని కథ కాదు. అమెరికాలో ఆడవాళ్ళకి అప్పులిచ్చేచోట పెళ్ళయిందా, పిల్లల్ని కంటావా, నీ వెనక మగదిక్కెవరు అని అడగటం అప్పటి రివాజు. స్త్రీ అనో, పెళ్ళి కాలేదనో అప్పు నిరాకరించడం తప్పని చట్టం వచ్చింది 1974 అక్టోబరులో. దానిమీద సంతకం చేసింది ప్రెసిడెంటు జెరాల్డ్ ఫోర్డు. ఆయనా ఈ మిషిగన్ మనిషే. కార్ల ఫోర్డుకీ ఆయనకీ చుట్టరికం మాత్రం లేదు. అంటే మస్టాంగ్ పుట్టిన పదేళ్ళకి. ఈ పదేళ్ళూ కంపెనీ ప్రకటనల్లో స్టీరింగు ముందు జుట్టు ఎగరేసుకుంటూ అమ్మాయి కూర్చునే వుంది. ఒంటరి యువతులకి తగిన కారని ప్రత్యేకంగా ప్రకటన కూడా వేశారు. కలలమ్మేవాడు ముందు వచ్చాడు, సంతకం ఆలస్యంగా వచ్చింది.

1965లో మాక్ రైస్ రాసి పాడినదీ, మర్నాడు ఏడాది విల్సన్ పికెట్ గొంతులో దేశమంతా మోగినదీ 'మస్టాంగ్ శాలీ' అనే పాట వుంది. ఆ పేరు సూచించింది డెట్రాయిట్‌లో పెరిగిన గాయని అరీతా ఫ్రాంక్లిన్ అంటారు. అందులో గోల ఏమిటంటే, ఒకాయన ప్రియురాలికి ఈ కారు కొనిచ్చాడు, ఆవిడ దాన్నేసుకుని ఒకటే తిరుగుతోంది, ఇంటిపట్టున వుండటం లేదు! పెద్దావిడకి ఆ పాటంటే ఒళ్ళుమంట. "వాడు కొనిచ్చాడు కనక అంత బాధ. నాది నేనే కొనుక్కున్నాను, ఎవడూ పాట రాయలేదు" అంది. పెద్దాయన గుడ్డతో అద్దం తుడుస్తూ "నేను రాసేవాణ్ణే, నాకు పాడటం రాదు" అన్నాడు.

ఇలాంటి కారు వేసుకుని ఎక్కడికంటే అక్కడికి వెళ్ళగలగడం కూడా అందరికీ దొరికిన భాగ్యం కాదు. నల్లవాళ్ళు దూరప్రయాణం పెట్టుకుంటే ఏ వూళ్ళో తమకి అన్నం పెడతారో, ఎక్కడ పడుకోనిస్తారో తెలిపే పుస్తకం చేతిలో వుంచుకోవలసివచ్చేది. 1936 నుంచీ విక్టర్ గ్రీన్ అనే పోస్ట్‌మాన్ అచ్చువేయించిన ఆ పుస్తకం మస్టాంగ్ వచ్చేనాటికి ఇంకా అమ్ముడవుతూనే వుంది. హోటళ్ళలో ఆ నిషేధం తప్పని చెప్పిన పౌరహక్కుల చట్టం 1964 జూలైలో వచ్చింది, మస్టాంగ్ వచ్చిన మూడు నెలలకి. నంబరు ఒకటి కారున్న మ్యూజియంలోనే రోజా పార్క్స్ 1955లో సీటు ఖాళీచెయ్యనన్న బస్సు కూడా వుంది. అందులో ఎవరైనా ఎక్కి కూర్చోవచ్చు. నేనూ కూర్చున్నాను. మాట రాలేదు.

అక్కడే ఇంకో కన్వర్టిబుల్ వుంది. నల్లగా, పొడుగ్గా. 1963 నవంబరు 22న డాలస్‌లో కెనెడీ కూర్చున్న లింకన్. ఆ తర్వాత దానికి గట్టి పైకప్పు బిగించి 1977 వరకు వాడుతూనే వున్నారట. ఆ కప్పు చూస్తూ నిలబడితే, ఆకాశం కింద హాయిగా కూర్చునే రోజులు అక్కడితో అయిపోయాయని అనిపిస్తుంది. కాని లెక్కలు అలా లేవు. 1965లో అమెరికాలో అయిదులక్షలకి పైగా కన్వర్టిబుల్స్ తయారయ్యాయి. వాటిని చంపింది తుపాకీ కాదు, ఏ.సీ. లోపల చల్లగా వుంటే టాపు ఎవరు తీస్తారు? పైగా హైవేల మీద డెబ్భై మైళ్ళ వేగంలో గాలి చెంపలు వాయిస్తుంది. కారు బోల్తాపడితే తల ఏమవుతుందన్న ప్రశ్న కూడా అప్పుడే లేచింది. పదేళ్ళలో చాప చుట్టేశారు. మస్టాంగ్ 1973తో ఆపేసింది. 1976లో క్యాడిలాక్ ఎల్డొరాడో పధ్నాలుగువేలు తయారుచేసి, ఇదే చిట్టచివరి అమెరికన్ కన్వర్టిబుల్ అని చాటింపు వేస్తే, జనం బంగారంలాగ కొని దాచుకున్నారు. ఫోర్డు కంపెనీ 1978లో అయకోకాని సాగనంపింది. ఆయన క్రైస్లర్‌లో చేరి, 1982లో మళ్ళీ టాపులేని కారు బజార్లోకి దింపాడు. తర్వాత క్యాడిలాక్ కూడా దింపేసరికి, చివరిది కదా అని దాచుకున్నవాళ్ళు మోసమంటూ కోర్టుకెక్కారు.

పెద్దావిడ మాత్రం దాచుకోలేదు, నడిపింది. ఇద్దరు పిల్లల్ని ఇందులోనే బడికి దింపింది. వెనక అద్దం స్థానంలో వున్న ప్లాస్టిక్ ఎండకి పచ్చబడితే మూడుసార్లు మార్పించింది. ఇదంతా చెప్పి, "మీరు నడుపుతారా?" అని అడిగింది.

ఏం చెప్పను? పదేళ్ళ క్రితం నా నవలని టీవీ సీరియల్‌గా తీసుకున్నారు. ఆ డబ్బు ముందుకట్టి కారు కొందామని అప్పుకోసం ఒకచోటికి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు ఎంతో మర్యాదగా కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి "సార్‌ని కూడా ఒకసారి తీసుకురండి మేడమ్, ఫార్మాలిటీ" అన్నాడు. సార్ వచ్చారు. కాగితాల్లో సార్ పేరు ముందు పడింది. అలాగైతే పని త్వరగా అవుతుందని రిజిస్ట్రేషన్ కూడా సార్ పేరనే చేయించారు. మావారిని అనవలసిందేం లేదు, ఆయన ఆరోజు సెలవు పెట్టుకుని వచ్చారు పాపం. నేనే డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకున్నాను. పక్కన ఆయన్ని కూర్చోపెట్టుకుని నెలరోజులు నడిపాను. నేను గేరు మార్చేలోగా ఆయన నాలుగుసార్లు శ్రీరామా అనేవారు. ఆయన కాళ్ళ దగ్గర బ్రేకు లేకపోయినా తొక్కీ తొక్కీ అక్కడి చాప చిరిగింది. ఒకరోజు ఎందుకొచ్చిన గొడవలే అని తాళం చెవులు మేకుకి తగిలించాను. అవి ఇంకా అక్కడే వున్నాయి. ఆయన తీస్తారు, ఆయన పెడతారు.

ఇదంతా ఆవిడకి చెప్పలేదు. "లైసెన్సు వుంది" అన్నాను.

ఆవిడ ఒక్కక్షణం నా మొహం చూసి, "ఎక్కి కూర్చోండి" అంది. పెద్దాయన గుడ్డతో నా హ్యాండ్‌బ్యాగు గొలుసు వైపు చూపించాడు, రంగు గీసుకుపోతుందని. బ్యాగు మావాడికిచ్చి, ఇరవై ఏళ్ళ అలవాటుకొద్దీ తిన్నగా ఎడమవైపు తలుపు తీసి కూర్చున్నాను. కూర్చుని చూద్దును కదా, ఎదురుగా స్టీరింగు!

మావాడు పకపకా నవ్వాడు. "పెద్దమ్మా, ఇక్కడ డ్రైవర్ సీటు అదే!"

లేవబోయాను. ఈలోగా ఆవిడ అటునుంచి వచ్చి నా పక్కసీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. స్టీరింగు ఎండకి వెచ్చగా వుంది. కాళ్ళు వాటంతటవే క్లచ్చి కోసం వెతికాయి, లేదు, ఆటోమాటిక్ బండి. నెత్తిమీద ఏమీ లేదు. పక్కన ఎవరూ శ్రీరామా అనలేదు. అప్పుడే ఒకాయన వచ్చి, వంగి, "ఇంజను ఏమిటండీ?" అని నన్ను అడిగాడు. ఎర్రది అని చెప్పబోయి తమాయించుకుని, ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెప్పింది, సిలిండర్ల దగ్గర్నుంచీ మొదలుపెట్టి పది నిమిషాలు చెప్పింది. ఆయన నిలబడి విన్నాడు.

మధ్యాహ్నం ఇంటికి రాగానే హైదరాబాదుకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పది కావస్తోంది. "బీరువాలో పట్టుచీరల అడుగున నీలంకవర్లో నా డ్రైవింగు లైసెన్సు వుంటుంది, గడువెప్పటిదాకా వుందో కాస్త చూడండి" అన్నాను. బీరువా తలుపు చప్పుడు, చీరలు కిందపడ్డ చప్పుడు, ఆయన గొణుగుడు అన్నీ వినిపించాయి.

"వచ్చే ఏడాది దాకా వుంది" అన్నారు మావారు. "ఇప్పుడెందుకూ?"

"వూరికే" అన్నాను. "చీరలు మళ్ళీ మడిచిపెట్టండి."